ఫుల్‌స్టాపా, కామానా: ఇంగ్లిష్ రాసే పిల్లలకు ముందు ఏది నేర్పాలి?

నేర్పే శ్రమ: ఫుల్‌స్టాప్‌కు సూత్రం ఒక్కటే, మాట పూర్తయితే చుక్క. కామాకు చాలా ఉన్నాయి. "ఊపిరి తీసుకున్న చోటల్లా కామా" అని మాత్రం చెప్పకండి, ఎక్కడ పడితే అక్కడ పెట్టేస్తారు.

పొరపాటైతే: ఫుల్‌స్టాప్ మరిస్తే వాక్యాలు కలిసిపోతాయి. కామా తప్పు అంత సులువుగా కంటికి కనబడదు. తెలుగులో 'ఇంటికెళ్లాను, పడుకున్నాను' అనేస్తాం. ఇంగ్లిష్‌లో 'ఐ వెంట్ హోమ్, ఐ స్లెప్ట్' అంటే తప్పు. హోమ్ తర్వాత ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా 'అండ్' చేర్చాలి. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఓపిగ్గా దిద్దించండి.

వాక్యాలు ఇప్పుడిప్పుడే రాస్తుంటే ఫుల్‌స్టాప్, దాని వెంటే పెద్ద అక్షరం. 'రెడ్, బ్లూ అండ్ గ్రీన్' లాంటి వరసలు రాయడం మొదలుపెట్టాక కామా.