కోనసీమ ఇంటికి బయటి కెమెరాలు: రెండోసారి కొన్నాక రాస్తున్నాను

రాజోలు దగ్గర మా ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో ఉంటాను. పాత పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరితోట, దింపు తీయించిన వారం దొడ్లో కాయలు రాశి పోసి ఉంటాయి. ఒక రాత్రి ఆ రాశిలోంచి కొన్ని కాయలు పోయాయి. కాయలు పోతే పోయాయి, కిటికీలోంచి మనిషి నీడ చూసి అమ్మ తెల్లవార్లూ లైటు వేసుకుని కూర్చుందట, అది విన్నాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ కంగారులో రేటింగులు చూసి సోలార్ వైఫై కెమెరాలు రెండు ఆర్డర్ పెట్టేశాను.

కొబ్బరితోటలో ఇల్లున్నవాళ్ళు ఆ పని చేయకండి. మట్టల నీడలో ప్యానెల్‌కి ఎండ ఎప్పుడు తగులుతుంది? ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోయేసరికి రెండూ చల్లబడిపోయాయి. పైగా బ్యాటరీ కెమెరా అస్తమానం రికార్డు చేయదు, ఛార్జింగ్ మిగుల్చుకోవడానికి నిద్రపోతూ ఉండి, ఒంటి వేడి సెన్సారుకి తగిలినప్పుడు లేస్తుంది, అది లేచేలోగా మనిషి దాటిపోతే మనకి వీపు మాత్రమే మిగులుతుంది. ఎండ బాగా పడే డాబా మీదైతే పనికొస్తాయి, కరెంటు వైరు లాగలేని చేను గట్టుకైతే వేరే దారి కూడా లేదు, కానీ మా ఇంటికి కావు.

రెండోసారి అమలాపురంలో ఒక షాపుకి వెళ్ళి వైరు కెమెరాలు మూడు, రికార్డరు తీసుకున్నాను. ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో కరెంటూ వీడియో రెండూ వెళ్ళే పీఓఈ రకం ఇవి, కేబుల్ 100 మీటర్ల వరకు లాగొచ్చు. కేబుల్ దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవగ్గా వస్తుంది, కానీ దూరం పెరిగేకొద్దీ అందులో కరెంటు పడిపోతుంది, మన తేమకి కొసలు పాడవుతాయి. అసలు రాగిదే అడిగి తీసుకోండి.

ఇక లెన్సు. షాపులో అందరూ ‘ఎన్ని మెగాపిక్సెల్’ అనే అడుగుతారు, ‘ఎన్ని ఎంఎం’ అని అడిగేవాళ్ళు నాకు కనపడలేదు. ఈ ఎంఎం పెరిగేకొద్దీ కనపడే వెడల్పు తగ్గి, దూరంలో ఉన్నది పెద్దగా కనపడుతుంది. మామూలుగా ఇచ్చేది 2.8 ఎంఎం, అది సుమారు 100 డిగ్రీల వెడల్పు చూపిస్తుంది. మా అరుగు నుంచి గేటు 12 మీటర్లు. అంత దూరంలో ఆ లెన్సు 28 మీటర్ల వెడల్పుని పట్టేస్తుంది, 4 మెగాపిక్సెల్ కెమెరాకి అడ్డంగా ఉండేవి 2560 పిక్సెళ్ళే కాబట్టి మీటరుకి 90కి అటూఇటూగానే వస్తాయి. తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి మీటరుకి 125, ముక్కూముఖం తెలియనివాడిని పోల్చడానికి 250 కావాలని లెక్క. అందుకే గేటువైపు 6 ఎంఎం పెట్టించాను, వెడల్పు సగానికి పైగా తగ్గింది గానీ ఎవరొచ్చారో అమ్మ ఫోన్‌లో చూసి పేరు పెట్టి చెబుతోంది. పక్కనే ఉన్న దొడ్డికి, వీధి అరుగుకి 2.8 చాలు. మీరు కూడా కొనే ముందు టేపు పట్టుకుని దూరం కొలుచుకుని వెళ్ళండి.

రాత్రి సంగతి వేరే. కెమెరా చుట్టూ పురుగులు చేరతాయి, వాటికోసం సాలీడు లెన్సు ముందే గూడు కడుతుంది, ఆ దారాలు చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని) లైటుకి తెల్లగా మెరిసి బొమ్మంతా పొగమంచులా అయిపోతుంది. మొదటి నెల రాత్రికి పాతిక ముప్పై అలర్టులు, తెరిచి చూస్తే పురుగులే. మనుషుల్ని గుర్తించి మాత్రమే అలర్టు ఇచ్చే ఆప్షన్ ఆన్ చేశాక చాలా తగ్గాయి. గేటువైపు కెమెరాకి నాలుగడుగులు పక్కగా మామూలు బల్బు పెట్టించి కెమెరాలోని లైటు ఆపేశాం, పురుగులన్నీ బల్బు దగ్గరికి పోయాయి. పదిహేను రోజులకోసారి పనమ్మాయి బూజుకర్రతో గూళ్ళు దులుపుతుంది.

వాన గురించి అందరూ ఐపీ66, ఐపీ67 అని (నీళ్ళు, దుమ్ము లోపలికి పోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగు) చూసుకుంటారు, చూసుకోవాలి కూడా. కానీ మా వైపు పాడయ్యేది కెమెరా ఒళ్ళు కాదు, కేబుల్ తగిలించడానికి వెనకాల వేలాడే తోక. ఆ జాయింటుని గోడకి వదిలేస్తే ఒక్క వానాకాలానికే లోపల పచ్చగా చిలుం పడుతుంది. జంక్షన్ బాక్స్‌లో పెట్టించి, కేబుల్‌ని కింది నుంచి పైకి వంపు తిప్పి లోపలికి పంపించమనండి, అప్పుడు నీళ్ళు వంపు దగ్గరే కారిపోతాయి. సముద్రం దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇనప స్క్రూలు వద్దని, స్టెయిన్‌లెస్ స్టీలువే వేయమని దగ్గరుండి చెప్పండి. బిగించడానికొచ్చిన కుర్రాడు “అవసరం లేదండి, అన్ని చోట్లా ఇవే వేస్తున్నామండి” అన్నాడు. పాత గేటు గొళ్ళెం ఎలా తుప్పు పట్టిందో అమ్మ చూపించాక వెళ్ళి మార్చుకొచ్చాడు.

హార్డ్ డిస్క్ 1 టీబీ వేశాం, మూడు కెమెరాలకి సుమారు పదిహేను రోజుల రికార్డింగ్ ఉంటుంది. కరెంటు పోతే రికార్డరుతో పాటు నెట్ బాక్సు కూడా ఇన్వర్టరు మీద ఉండాలి, లేకపోతే ఇక్కడ నాకు ఏమీ కనపడదు. పాస్‌వర్డ్ మీరే కూర్చుని మార్చండి, బిగించినవాళ్ళు పెట్టింది ఉంచొద్దు. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకి ప్రభుత్వ భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు కాబట్టి, పాత స్టాకు తక్కువకి ఇస్తామంటే ఆ సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి.

దొడ్డి కెమెరాలో పక్కింటి పిన్నిగారి నూతిగట్టు కూడా పడుతోందని అమ్మే చూసి చెప్పింది, “ఆవిడ స్నానానికి నీళ్ళు తోడుకునే చోటురా, తీయించెయ్యి” అని. సెట్టింగుల్లో ఆ మూలకి నల్లటి మాస్క్ పెట్టాను. పిన్నిగారిని పిలిచి టీవీలో చూపించాక గానీ అమ్మ ఊరుకోలేదు.