ఇంటి నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి: వైర్‌గార్డా, ఓపెన్‌వీపీఎన్నా, టెయిల్‌స్కేలా?

రౌటర్‌లోనే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఇంటికి వేసుకునే రహస్య దారి) పెట్టుకుని బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వెళ్లాలంటే ఏది మంచిదని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. ఒకరికి ఒంగోలులో అమ్మానాన్నల ఇంటి సీసీ కెమెరాలు డాలస్ నుంచి చూసుకోవాలి. ఇంకొకరికి ఇంట్లో నాస్ బాక్సులో (నెట్‌వర్క్‌కి కలిపి ఫైళ్లు దాచుకునే పెట్టె) ఉన్న ఫొటోలు, ఫైళ్లు ఊరెళ్లినప్పుడు కావాలి. మరొకరు బెంగళూరులో ఉండి విజయవాడలో ఇంటి కంప్యూటర్‌లోని ట్యాలీ తెరవాలి. అందరూ అడిగేది ఒకటే: వైర్‌గార్డ్ పెట్టమంటారా, ఓపెన్‌వీపీఎన్ పెట్టమంటారా? రెండూ వీపీఎన్ నడిపే సాఫ్ట్‌వేర్లే.

నేను ముందు తిరిగి అడిగేది వేరే ఉంది. మీ రౌటర్‌కి పబ్లిక్ ఐపీ, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగలిగే సొంత అడ్రస్, ఉందా? ఈ ఒక్క జవాబు మీద సగం ఆప్షన్లు వాటంతటవే రాలిపోతాయి. స్పీడు, ఎన్‌క్రిప్షన్, యాప్ బాగుందా లేదా, ఇవన్నీ ఆ తర్వాతి మాటలు.

మన దగ్గర ఇంటి ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సొంత ఐపీవీ4 (పాత తరం ఐపీ) అడ్రస్ ఉండదు. ఐపీవీ4 అడ్రస్‌ల కొరత వల్ల ఆపరేటర్లు ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక చాలా ఇళ్లను ఉంచుతారు. దీన్నే సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌కి మీ ఫ్లాట్ నంబర్ తెలియకపోతే వచ్చిన చుట్టం ఎలా వెనక్కి వెళ్లిపోతాడో, బయటి నుంచి మీ వీపీఎన్ కోసం వచ్చే ప్యాకెట్ కూడా ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. మీ రౌటర్‌లో వీపీఎన్ సర్వర్ ఎంత చక్కగా సెట్ చేసినా, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చినదాన్ని లోపలి పరికరానికి పంపే సెట్టింగ్) ఎన్నిసార్లు మార్చినా, డీడీఎన్ఎస్ (మారే ఐపీని వెంటాడే స్థిరమైన పేరు) పెట్టినా లాభం ఉండదు. "అన్నీ కరెక్టుగానే ఉన్నాయండీ, ఇంట్లో వైఫై మీద పని చేస్తోంది, బయటికెళ్తే రావట్లేదు" అని వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఇదే కథ.

చూసుకోవడం తేలిక. రౌటర్ అడ్మిన్ పేజీలో వ్యాన్ ఐపీ (ఆపరేటర్ వైపు మీ రౌటర్‌కి ఉన్న అడ్రస్) చూడండి. తర్వాత 'నా ఐపీ ఏది' అని చూపించే ఏదైనా సైట్ తెరవండి. రెండూ ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ ఉన్నట్టే. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీనాట్ కోసమే 2012లో కేటాయించిన వరస. 10తో మొదలైనా దాదాపు అదే సంగతి. 192.168తో మొదలైతే మాత్రం కంగారు పడకండి. ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీ బాక్సే (ఫైబర్ తీగ వచ్చి కలిసే పెట్టె) రౌటర్‌గా పని చేస్తోంది, దాని వెనక మీ సొంత రౌటర్ ఉంది. ఆ బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి సిగ్నల్ మాత్రం దాటించేలా, పెట్టమని అడిగి, మళ్లీ చూడండి.

సీజీనాట్ అని తేలితే మొదట చేయాల్సింది ఆపరేటర్‌కి ఫోన్. అక్కడ స్టాటిక్ (ఎప్పటికీ మారని) ఐపీ అమ్ముతారు, దానికి అదనంగా కట్టాలి. కొన్నిచోట్ల బిజినెస్ ప్లాన్ తీసుకుంటేనే ఇస్తారు. నిజానికి మనకు స్టాటిక్ అక్కర్లేదు, మారుతూ ఉండే పబ్లిక్ ఐపీ అయినా చాలు, మిగతాది డీడీఎన్ఎస్ చూసుకుంటుంది. ఈ తేడా కస్టమర్ కేర్‌లో అందరికీ తెలియదు. లోకల్ కేబుల్ ఆపరేటర్ ద్వారా కనెక్షన్ తీసుకున్నవాళ్లు నేరుగా ఆయన్నే అడగడం మేలు, చాలాసార్లు ఆయన దగ్గరే పని అవుతుంది.

ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రస్‌లు) సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఐపీవీ6 వాడకంలో మన దేశం ప్రపంచంలో ముందు వరసలో ఉంది. జియో లాంటి నెట్‌వర్క్‌లలో ఇంటి ఫైబర్‌కీ, ఫోన్‌కీ రెండింటికీ ఐపీవీ6 వస్తుంది. దానికి సీజీనాట్ బాధ లేదు. రౌటర్ ఫైర్‌వాల్‌లో ఒక యూడీపీ (డేటా ప్యాకెట్లు పంపే ఒక పద్ధతి) పోర్టు తెరిచి, డీడీఎన్ఎస్‌లో ఐపీవీ6 అడ్రస్ నమోదయ్యేలా చేస్తే ఫోన్ డేటా మీద వైర్‌గార్డ్ చక్కగా కలుస్తుంది, పైసా ఖర్చు లేకుండా. చిక్కు రెండు చోట్ల. కొన్ని రౌటర్ల ఒరిజినల్ సాఫ్ట్‌వేర్‌లో వీపీఎన్ సర్వర్ ఐపీవీ4 మీద మాత్రమే వింటుంది. అలాగే హోటళ్లు, ఆఫీసుల వైఫైలలో ఇప్పటికీ ఐపీవీ4 ఒక్కటే ఉండే చోట్లు చాలా ఉన్నాయి. ఫోన్ డేటా మీదే వాడతాను అనేవాళ్లకు ఇది బంగారం లాంటి దారి. మిగతావాళ్లకు సగం దారి.

ఇక పబ్లిక్ ఐపీ ఉందనుకుందాం. అప్పుడు వైర్‌గార్డ్ పెట్టుకోండి. నా మొగ్గు అటే, దాచేదేమీ లేదు.

2020లో లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) 5.6తో పాటే వైర్‌గార్డ్ కెర్నెల్‌లోకి వచ్చేసింది. అందుకే చిన్న ప్రాసెసర్ ఉన్న రౌటర్‌లో కూడా తేలికగా నడుస్తుంది. ఓపెన్‌వీపీఎన్ 2001 నుంచి ఉన్న పాతకాపు, నమ్మకమైనదే, కానీ సాధారణ రౌటర్లలో దాని పనంతా కెర్నెల్ బయట జరుగుతుంది కాబట్టి చవక రౌటర్ ప్రాసెసర్ చాలా త్వరగా ఆయాసపడుతుంది. 200 ఎంబీపీఎస్ ఫైబర్ పెట్టుకుని ఓపెన్‌వీపీఎన్ మీద అందులో పదో వంతు దగ్గర ఆగిపోవడం పాత రౌటర్లలో మామూలే. కెమెరా ఒకటీ రెండూ చూడటానికి అది చాలు. నాస్ నుంచి పెళ్లి వీడియో దించుకోవాలంటే మాత్రం ఓపిక కావాలి.

స్పీడు కన్నా నాకు నచ్చేది ఇంకొకటి. ఫోన్ వైఫై నుంచి 5జీకి మారినప్పుడు వైర్‌గార్డ్ తెగినట్టే తెలియదు. ఓపెన్‌వీపీఎన్ చాలాసార్లు ఆగి, మళ్లీ కనెక్ట్ అయ్యేదాకా తిప్పుతుంది. పైగా వైర్‌గార్డ్ సరైన కీ లేని ప్యాకెట్‌కి అసలు జవాబే ఇవ్వదు. బయటి నుంచి పోర్టులు తడుముకుంటూ వచ్చేవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. సెటప్ కూడా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినంత పని. సర్టిఫికెట్ల గొడవ లేదు, వాటి గడువు తీరిపోయే టెన్షన్ లేదు.

ఒక లోపం చెప్పాలి. వైర్‌గార్డ్ క్లయింట్ సాధారణంగా మీ డీడీఎన్ఎస్ పేరును కనెక్ట్ చేసేటప్పుడు ఒక్కసారే ఐపీగా మార్చుకుంటుంది. ఇంటి దగ్గర కరెంటు పోయి వచ్చి ఐపీ మారితే, అప్పటికే ఆన్‌లో ఉన్న టన్నెల్ (వీపీఎన్ దారి) పాత అడ్రస్‌కే మాట్లాడుతూ కూర్చుంటుంది. ఫోన్‌లో అయితే ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోతుంది. రెండు ఇళ్ల రౌటర్లను ఎప్పుడూ కలిపి ఉంచాలనుకునేవాళ్లు మాత్రం దీనికి స్క్రిప్ట్ పెట్టుకోవాలి.

మరి ఓపెన్‌వీపీఎన్ ఎవరికి? యూడీపీని అడ్డుకునే వైఫైల నుంచి ఎక్కువగా కనెక్ట్ అయ్యేవాళ్లకు. వైర్‌గార్డ్‌కి యూడీపీ తప్ప వేరే దారి లేదు. ఓపెన్‌వీపీఎన్‌ని టీసీపీ (డేటా పంపే మరో పద్ధతి) 443 పోర్టు మీద పెడితే మామూలు వెబ్‌సైట్ ట్రాఫిక్ వెళ్లే దారిలోనే వెళ్తుంది, కాలేజీ హాస్టళ్లు, ఆఫీసు గెస్ట్ వైఫైలలో చాలాచోట్ల బయటపడుతుంది. సిగ్నల్ బాగా లేనప్పుడు టీసీపీ మీద నత్తనడక నడుస్తుందనుకోండి, అది వేరే సంగతి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇలాంటివి పెట్టుకునే ముందు అక్కడి చట్టం చూసుకోవాలి. యూఏఈలో ఐపీ అడ్రస్ దాచి నేరం చేస్తే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది. ఇంటి కెమెరా చూడటం నేరం కాదు, కానీ అదే టన్నెల్ మీద అక్కడ నిషేధించినవి చూడటం వేరు.

ఏ రౌటర్‌లో ఏముందో కొనే ముందే చూడండి. ఆపరేటర్ ఇచ్చే బాక్సుల్లో సాధారణంగా వీపీఎన్ సర్వర్ ఉండదు. టీపీ-లింక్ ఆర్చర్ వరసలో చాలావాటిలో ఓపెన్‌వీపీఎన్ ఉంటుంది, వైర్‌గార్డ్ కొత్తవాటిలో కనిపిస్తోంది. ఏసూస్‌లో 388 ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) నుంచి వైర్‌గార్డ్ వచ్చింది. మైక్రోటిక్‌లో రౌటర్ఓఎస్ 7 నుంచి ఉంది, కానీ దాని మెనూలు నేర్చుకోవడానికి తీరిక ఉండాలి. జీఎల్-ఐనెట్ చిన్న రౌటర్లు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్) మీద నడుస్తాయి, వాటిలో వైర్‌గార్డ్, ఓపెన్‌వీపీఎన్ రెండూ ఉంటాయి, చాలా మోడళ్లలో టెయిల్‌స్కేల్ (దాని సంగతి కింద చెప్తాను) కూడా ఉంది. కొత్తగా కొనేవాళ్లకు నేను చూపించేది ఇవే.

పబ్లిక్ ఐపీ లేదు, ఆపరేటర్ ఇవ్వడు, ఐపీవీ6 కుదరదు. అప్పుడు టెయిల్‌స్కేల్. లోపల నడిచేది వైర్‌గార్డే. తేడా ఏమిటంటే మీ ఇంటి రౌటరూ, మీ ఫోనూ రెండూ లోపలి నుంచి బయటికి వెళ్లి ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. కాబట్టి సీజీనాట్ అడ్డం రాదు. నేరుగా కలవడం కుదరకపోతే టెయిల్‌స్కేల్ కంపెనీ రిలే సర్వర్ (మధ్యలో ఉండి చేరవేసేది) మీదుగా వెళ్తాయి. ట్రాఫిక్ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది కనుక రిలేకి లోపల ఏముందో తెలియదు, కాకపోతే స్పీడు తగ్గుతుంది. సొంత వాడకానికి ఉచితం. రౌటర్‌లో లేకపోతే ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే నాస్‌లోనో, రాస్ప్‌బెరీ పైలోనో పెట్టి, దాన్ని ఇంటి నెట్‌వర్క్ మొత్తానికి దారి చూపించేలా సబ్‌నెట్ రౌటర్‌గా మార్చుకోవచ్చు. ఆ రూటును అడ్మిన్ పేజీలో మీరు ఆమోదించాలి. చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోయి, కనెక్ట్ అయింది కానీ డీవీఆర్ (కెమెరాల రికార్డర్) కనపడట్లేదంటారు.

అయినా దీన్ని రెండో స్థానంలోనే ఎందుకు పెడతాను? మీ ఇంటి తలుపు తాళం ఒక గూగుల్ ఖాతాకో, మైక్రోసాఫ్ట్ ఖాతాకో వేలాడుతుంది. ఆ ఖాతా లాక్ అయితే కొత్త ఫోన్ చేర్చడం కూడా కుదరదు. ఇంకోటి, పెట్టిన పరికరం కీ మామూలుగా 180 రోజులకు గడువు తీరిపోతుంది. సంక్రాంతికి ఊరెళ్లి నాన్నగారింట్లో పెట్టి వచ్చినది వానాకాలంలో హఠాత్తుగా ఆగిపోతుంది. మీరేమో అమెరికాలో ఉంటారు. "నాన్నా, ఆ బాక్సు స్విచ్ ఒకసారి ఆపి వెయ్యండి" అని ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా అది లేవదు. పెట్టిన రోజే అడ్మిన్ పేజీలో ఆ పరికరానికి కీ గడువు తీసేయండి.

మిగతావి త్వరగా. పీపీటీపీ అనే పాత వీపీఎన్ పద్ధతి రౌటర్ మెనూలో కనిపించినా ముట్టుకోకండి, దాని పాస్‌వర్డ్ పద్ధతిని 2012లోనే బహిరంగంగా ఛేదించి చూపించారు, ఐఫోన్‌లలో అయితే 2016 నుంచే లేదు. ఎల్2టీపీ అనే మరో పాత పద్ధతిని ఆండ్రాయిడ్ 12 నుంచి కొత్తగా చేర్చుకోనివ్వడం లేదు. నెలకు కొన్ని వందలు కట్టి చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుని ఇంటి రౌటర్‌ని దానికి వైర్‌గార్డ్‌తో కలపడం సీజీనాట్‌కి మరో మందు. లినక్స్ మీద చెయ్యి తిరిగినవాళ్లకే.

డీవీఆర్ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కి తెరవడం మాత్రం ఆప్షన్ కాదు. కెమెరాలు బిగించినవాళ్లు "8000 పోర్టు ఫార్వర్డ్ చేశాం సార్, మొబైల్‌లో వస్తుంది" అని వెళ్లిపోతారు. 2016లో మిరాయ్ బాట్‌నెట్ (హ్యాకర్ల చేతిలో చిక్కిన పరికరాల దండు) ఇలాంటి డీవీఆర్‌లనూ, కెమెరాలనూ డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లతోనే పట్టుకుంది. 2021లో హిక్‌విజన్ పరికరాల్లో పాస్‌వర్డే లేకుండా లోపలికి దూరే లోపం బయటపడింది. ఒక్క కెమెరాలు చూడటమే మీ పనైతే వీపీఎన్ కూడా అక్కర్లేదు, కంపెనీ వాళ్ల యాప్ చాలు, పాస్‌వర్డ్ గట్టిది పెట్టుకుంటే.

ఏది పెట్టుకున్నా ఇంటి నెట్‌వర్క్ అడ్రస్ వరసను ముందే మార్చుకోండి. జియో ఫైబర్ బాక్సులు 192.168.29తో వస్తాయి, మిగతావి చాలావరకు 192.168.0 లేదా 192.168.1. మీ ఇంట్లోనూ, అత్తగారింట్లోనూ జియోనే ఉంటే రెండు చోట్లా ఒకే వరస. అక్కడి వైఫై మీద వీపీఎన్ కనెక్ట్ అవుతుంది, కానీ మీ డీవీఆర్ కోసం ఫోన్ అత్తగారింట్లోనే వెతుకుతుంది. 192.168.73 లాంటి ఎవరూ వాడని వరస పెడితే ఈ పేచీ ఉండదు. ఓఎన్‌టీ, రౌటర్ రెండూ మినీ యూపీఎస్ మీద ఉండాలి, రౌటర్ ఒక్కటే ఉంటే కరెంటు పోయినప్పుడు అది ఉత్తినే వెలుగుతూ ఉంటుంది.

పరీక్ష ఇంటి వైఫై మీద చేయకండి. ఫోన్‌లో వైఫై ఆపి డేటా మీద ఒకసారి, ఐపీవీ4 మాత్రమే ఉన్న ఏదైనా హోటల్ లేదా ఆఫీసు వైఫై మీద ఇంకోసారి చూడండి. రెండోది ఆగిపోతే మీది ఐపీవీ6 మీద మాత్రమే నడుస్తూ ఉండొచ్చు, లేదా ఆ వైఫై యూడీపీని అడ్డుకుంటూ ఉండొచ్చు. అలాంటి ఇంట్లో వైర్‌గార్డ్ పక్కనే టెయిల్‌స్కేల్ కూడా పెట్టి ఉంచండి. రెండూ ఒకే రౌటర్‌లో ఉండొచ్చు, ఫోన్‌లో మాత్రం ఒకసారికి ఒకటే ఆన్ అవుతుంది.