వినేవాళ్ళ వేషం: ‘అడాలసెన్స్’ మూడో ఎపిసోడ్

పరిషత్తు నాటికల్లో నాకు ఎక్కువగా వచ్చేవి తల్లి వేషాలు. కొడుకు పాత్రధారి స్టేజీ మధ్యలో నిలబడి గుక్కతిప్పుకోకుండా డైలాగు చెబుతాడు, నేను పక్కన కుర్చీలో కూర్చుని వింటాను. “మీరేం చెయ్యక్కర్లేదమ్మా, రియాక్షన్ ఇస్తే చాలు” అంటారు డైరెక్టర్లు. ఆ రియాక్షన్ ఎంత పనో మాలాంటి ఆర్టిస్టులనే అడగాలి. తల ఎక్కువ ఊపితే అతని డైలాగును చెడగొట్టినదాన్నవుతాను, ఊపకపోతే బొమ్మలా కూర్చుందంటారు. బహుమతి కప్పు మాత్రం చివరికి డైలాగు చెప్పినవాడికే పోతుంది.

అందుకే నెట్‌ఫ్లిక్స్‌లో ‘అడాలసెన్స్’ మూడో ఎపిసోడ్ చూసినవాళ్ళంతా “ఆ పిల్లాడు ఏం చేశాడండీ” అంటుంటే, నాకు మాత్రం వాడి ఎదురుగా కూర్చున్నావిడ గురించి చెప్పాలనిపించింది. పిల్లాడు గొప్పగా చేశాడు, కాదనను. వాడి దగ్గరికీ వస్తాను.

చూడనివాళ్ళకు కథ క్లుప్తంగా. 2025 మార్చిలో వచ్చిన 4 ఎపిసోడ్ల ఇంగ్లండ్ సిరీస్ ఇది. జాక్ థోర్న్, స్టీఫెన్ గ్రాహం కలిసి రాశారు, ఫిలిప్ బరాంటిని దర్శకుడు. 13 ఏళ్ళ జేమీ మిల్లర్ ఇంటి తలుపు బద్దలుకొట్టుకుని తెల్లవారుతూనే పోలీసులు లోపలికొస్తారు. తనతో చదివే కేటీ అనే అమ్మాయిని కత్తితో పొడిచి చంపాడని కేసు. ఎవరు చంపారన్నది దాచిపెట్టి లాగే కథ కాదు. మొదటి ఎపిసోడ్ చివర్లోనే సీసీ కెమెరా దృశ్యం తండ్రి ముందు పెట్టేస్తారు. ఆ తర్వాత మిగిలేది ఎందుకు అన్న ప్రశ్న ఒక్కటే. ప్రతి ఎపిసోడూ మొదటి నుంచి చివరిదాకా కోత లేకుండా ఒకే షాట్‌లో తీశారు.

మూడోది అరెస్టయిన ఏడు నెలలకు మొదలవుతుంది. జేమీని పిల్లల్ని ఉంచే నిర్బంధ కేంద్రంలో పెట్టారు. కోర్టుకు నివేదిక ఇవ్వడానికి బ్రయనీ అనే సైకాలజిస్టు వస్తుంది. ఇద్దరికీ పరిచయం కొత్త కాదు, అంతకుముందూ వచ్చి మాట్లాడింది. ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. వాడికోసం మార్ష్‌మెలోలు వేసిన వేడి చాక్లెట్ కప్పు, తన శాండ్‌విచ్‌లో సగం. 50 నిమిషాల పైచిలుకు కథకు ప్రాపర్టీలు, అంటే స్టేజీ మీద వాడే వస్తువులు, దాదాపు అంతే. మా నాటక సమాజాలకు ఈ స్క్రిప్టు దొరికితే సెట్టింగుల ఖర్చు మిగిలిందని మేనేజరు పండగ చేసుకుంటాడు. రిహార్సల్ మొదలయ్యాక తెలుస్తుంది ఏం నెత్తికెత్తుకున్నారో.

బ్రయనీగా వేసింది ఎరిన్ డోహర్టీ. ‘ది క్రౌన్’లో రాకుమారి యాన్‌గా చూసిన ముఖమే, అయితే ఇక్కడ ఆ గుర్తు రావడానికే నాకు కాసేపు పట్టింది. మొదట చాలా మామూలుగా ఉంటుంది. నవ్వుతూ పలకరిస్తుంది, శాండ్‌విచ్‌లో వేసిన పికిల్ తనకు నచ్చదని వాడంటే తేలిగ్గా తీసుకుంటుంది. నాన్న ఎలాంటివాడు, తాతయ్య ఎలాంటివాడు, మగవాడంటే నీ దృష్టిలో ఎవరు అని అడుగుతూ పోతుంది. గొంతులో ఒత్తిడి ఉండదు. కానీ వాడు చెప్పే ప్రతి మాటకూ ఆ ముఖంలో ఏదో ఒక లెక్క పడుతున్నట్టు మనకు తెలుస్తుంటుంది. తండ్రి ఒకసారి కోపంలో షెడ్డు కూలగొట్టాడని వాడు చెప్పినప్పుడు ఆవిడ కనుబొమలు ఎగరవు. మన సీరియళ్ళలో అయితే అక్కడ ఉరుము శబ్దం వేసి అరడజను ముఖాలు చుట్టూ తిప్పి చూపించేవాళ్ళు.

ఈ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం అరుపులున్నది కాదు. జేమీ తాను అందవిహీనంగా ఉంటానంటాడు. ఆవిడ కాదనదు. వాడు ఎదురుచూస్తాడు, మనమూ ఎదురుచూస్తాం. పెద్దవాళ్ళెవరైనా ఆ మాటకు “ఛ, అదేం మాట నాన్నా” అంటారు కదా. ఆవిడ అనదు. అలా అనుకోవడం ఎలా ఉంటుందని అడుగుతుంది. కాదని చెప్పాలి కదా మీరు అని వాడు నిలదీస్తాడు. ఓదార్చడం ఆవిడ ఉద్యోగం కాదు. ఆ ఒక్క మాట నోటి దాకా వచ్చి ఆగిపోవడం డోహర్టీ ముఖంలో కనబడుతుంది. డైలాగు లేనిచోట నటించడమంటే అదీ.

తర్వాత వాడు పేలతాడు. కుర్చీలోంచి లేచి, కప్పు విసిరికొట్టి, తనను కూర్చోమనడానికి నువ్వెవరు అన్నట్టు ఆవిడ మీద మీదకొస్తాడు. మరుక్షణం 13 ఏళ్ళ పిల్లాడికి భయపడ్డావా అని వెక్కిరిస్తాడు. ఆవిడ వాడిని అదుపులో పెట్టి, గది బయటికొచ్చి, గోడవారన ఊపిరి తీసుకుంటుంది. ఇక్కడ ఆర్టిస్టుగా నాకు ఒళ్ళు జలదరించింది. కెమెరా ఆవిడతోనే బయటికొచ్చేసింది కాబట్టి లోపలున్న పిల్లాడికి కాస్త విరామం దొరికుంటుంది, నీళ్ళు తాగొచ్చు, తర్వాతి పార్టు తలుచుకోవచ్చు. డోహర్టీకి అదీ లేదు. కారు దిగి లోపలికొచ్చిన దగ్గర్నుంచి ఆఖరి క్షణం దాకా కెమెరా ఆవిడను వదలదు. మా స్టేజీ మీద ఎంత పెద్ద వేషమైనా ఎక్కడో ఒకచోట వింగులోకి వెళ్ళి చెమట తుడుచుకోవచ్చు.

ఇక పిల్లాడు. జేమీగా వేసిన ఓవెన్ కూపర్‌ది ఇంగ్లండ్‌లోని వారింగ్టన్. అంతకుముందు కెమెరా ముందు నిలబడిందే లేదు, అప్పటికి వయసు 14. పైగా నాలుగింటిలో ముందుగా చిత్రీకరించింది ఈ మూడోదే. అంటే ఈ ఉద్యోగంలో వాడు చేసిన మొదటి పని ఇది. ఒక్క నిమిషంలో పసివాడు, మరు నిమిషంలో బెదిరించే మగాడు, ఆ వెంటనే మార్కుల కోసం చూసే విద్యార్థి. ఈ మార్పులకు ముందు ఒక మెట్టు దిగినట్టు ఆగి, ఇప్పుడు కోపం తెచ్చుకోవాలి అని సిద్ధపడటం కొత్తవాళ్ళందరిలో ఉండేదే. వీడిలో ఆ జాడే లేదు. మధ్యలో ఒకచోట ఆవలిస్తాడు. అది స్క్రిప్టులో లేదట, నిజంగానే వచ్చింది. విసుగొస్తోందా అని డోహర్టీ పాత్రలోనే ఉండి అడిగింది, వాడూ పాత్రలోనే నవ్వి అందుకున్నాడు. ఇలాంటప్పుడే వినేవాళ్ళ సత్తా బయటపడేది. పార్టు కంఠతా పట్టి తన వంతు కోసం కాచుకుని కూర్చునే ఆర్టిస్టయితే ఆ ఆవలింత గాల్లో కలిసిపోయేది.

కేటీ గురించి వాడు చెప్పే చోటు మాత్రం రెండోసారి చూడలేకపోయాను. ఆ రాత్రి చేతిలో కత్తి ఉంది, ఆమెను ఎక్కడైనా తాకగలిగేవాణ్ణి, కానీ తాకలేదు, మిగతావాళ్ళయితే తాకేవాళ్ళు, కాబట్టి నేను వాళ్ళకన్నా నయం కదా అంటాడు. ఒప్పుకోలు అనకుండానే ఒప్పుకోలు. దాన్ని మెచ్చుకుంటారేమో అని ఆశగా చూస్తాడు. డోహర్టీ ఆ మాటలను మోసుకుంటూ కూర్చుంటుంది. ఇదే ఆఖరి సమావేశమని ఆవిడ చెప్పాక వాడు గింజుకుంటూ, నేనంటే మీకు కొంచెమైనా ఇష్టం లేదా అని అరుస్తుంటే గార్డు లాక్కెళతాడు. ఆవిడ మిగిలిపోయిన శాండ్‌విచ్ ముక్కను తీసి, వాడు కొరికిన చోటు చూసి వదిలేస్తుంది. మొదట్లో ప్రేమగా ఇచ్చిన ప్రాపర్టీని చివర్లో ఇలా వాడుకోవడం నాటకం రాసే చెయ్యి చేసే పని. థోర్న్ రంగస్థలానికి చాలా రాసినవాడే మరి.

ఒకే షాట్ అన్నదాన్ని గారడీ అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. తెరమీదకొచ్చింది ఈ ఎపిసోడ్ 11వ టేక్. ఒక్కో ఎపిసోడ్‌కు రోజుకు రెండు చొప్పున ఐదు రోజులు మొత్తం ఆడించేలా ప్రణాళిక వేసుకున్నారు, అంతకుముందు వారాలకొద్దీ రిహార్సళ్ళు. ఇందులో గారడీ ఏముంది? నాటకం ఆడేవాళ్ళు చేసేదే. తేడా ఏమంటే మాటలు విన్న చివరి వరుస ప్రేక్షకుడికి ఆర్టిస్టు కన్ను కనబడదు, ఇక్కడ ఛాయాగ్రాహకుడు మ్యాథ్యూ లూయిస్ కెమెరా బల్ల చుట్టూ తిరుగుతూ ఎవరి మాటకు ఎవరు ఏమవుతున్నారో దగ్గరగా చూపిస్తుంది. నాకు అసూయ వేసిందంటే నమ్మండి.

లోపాలూ ఉన్నాయి. ఆ కేంద్రంలో గార్డు ఒకడు బ్రయనీకి మరీ దగ్గరగా వచ్చి కబుర్లు పెడతాడు. బయటి మగవాళ్ళూ ఇంతే అని చెప్పడానికని మనకు మొదటి మాటకే అర్థమవుతుంది, దాన్ని సాగదీశారు. రెండో ఎపిసోడ్‌లో డిటెక్టివ్ కొడుకు తండ్రికి ఎమోజీల అర్థాలు వివరించే సన్నివేశం పాఠంలా నడుస్తుంది. చనిపోయిన అమ్మాయి మాత్రం కథలో ఎక్కడా ముఖ్యురాలు కాలేదు. ఆ మాట డిటెక్టివ్ మీషా చేత అనిపించారు కానీ, అనిపించినంత మాత్రాన ఆ లోటు తీరలేదు.

2025 సెప్టెంబరులో ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు, వచ్చినప్పుడు కూపర్‌కు సహాయ నటుడిగా బహుమతి వచ్చింది, 15 ఏళ్ళకే. నటనలో ఎమ్మీ అందుకున్న మగవాళ్ళలో అందరికన్నా చిన్నవాడు. డోహర్టీకీ సహాయ నటిగా వచ్చింది. విన్నవాళ్ళకూ కప్పు ఇచ్చిన న్యాయనిర్ణేతలు ఎక్కడో ఉన్నారన్నమాట. తండ్రి వేషానికి గ్రాహంకు ఉత్తమ నటుడి బహుమతి దక్కింది. అతని పని చూడాలంటే నాలుగో ఎపిసోడ్ దాకా ఆగాలి, తల్లిగా వేసిన క్రిస్టీన్ ట్రెమార్కోను కూడా అక్కడే చూడండి.

మూడోది విడిగా చూడొచ్చా అని మా ట్రూపులో కుర్రాళ్ళు అడిగారు. చూడొచ్చు గానీ ముందు మొదటిది చూసి రండి. మంచంలో ప్యాంటు తడుపుకున్న పిల్లాడిని చూశాక ఈ గదిలోకి వస్తేనే వాడి గొంతు పెరిగినప్పుడు మీకూ బ్రయనీకి తగిలినట్టే తగులుతుంది. రెండోది తర్వాతైనా చూసుకోవచ్చు. ఉత్తరాది ఇంగ్లిష్ యాస కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. కానీ ఒకసారి అలా చూశాక, ఈ ఎపిసోడ్‌ను సబ్‌టైటిల్స్ తీసేసి, జేమీ మాట్లాడుతున్నంతసేపూ ఆవిడనే చూస్తూ ఇంకోసారి నడపండి. ఫోనులో మాత్రం వద్దు.