సాకెట్ ఒకటేనన్న మాట నమ్మి ప్రాసెసర్ కొనకండి

కావలిలో నేను చిన్న డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. 2017లో అమర్చుకున్న నా కంప్యూటరులో ఇంటెల్ కోర్ ఐ3-7100 ప్రాసెసర్, హెచ్110 చిప్‌సెట్ (ప్రాసెసరును మిగతా భాగాలతో కలిపే చిప్) ఉన్న మదర్‌బోర్డు ఉన్నాయి. శుభలేఖల పని పెరిగి, ఫోటోషాప్, కోరల్‌డ్రా రెండూ ఒకేసారి తెరవవలసి వచ్చినప్పుడల్లా అది మొరాయించేది. ముహూర్తాలు మొదలయ్యేలోపు ప్రాసెసర్ మార్చుకుందామని గత నెల నెల్లూరు వెళ్లి 6,500 రూపాయలు పోగొట్టుకున్నాను. పాత కంప్యూటరుతోనే ఇంకొన్నేళ్లు నెట్టుకు రావాలని చూసేవారు మన జిల్లాలో చాలామంది ఉన్నారు కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున దుకాణం పేరు చెప్పడం లేదు.

నా బోర్డు ఫోటో చూపించి, దీనికి సరిపోయే మంచి ప్రాసెసర్ ఏదని అడిగాను. వాళ్లు వాడిన ఐ5-8400 ఒకటి తీసి చూపించారు. పాతదానిలో రెండు కోర్లు (ప్రాసెసర్ లోపల పనిచేసే భాగాలు), దీనిలో ఆరు కోర్లు అని చెప్పారు. ఆ మాట నిజమే. "మా బోర్డుకు సరిపోతుందా?" అని రెండుసార్లు అడిగితే, "రెండూ 1151 సాకెట్టే సార్, తీసుకెళ్లి పెట్టుకోవడమే" అన్నారు. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. బిల్లు అడిగితే జీఎస్టీ అదనంగా పడుతుందన్నారు. చివరికి మోడల్ సంఖ్య, ధర, తేదీ రాసి దుకాణం ముద్ర వేసిన చీటీ ఇచ్చారు. ఇంటికి వచ్చి బిగిస్తే ఫ్యాను తిరిగింది కానీ తెర మీద ఏమీ రాలేదు. పాత ఐ3 తిరిగి పెట్టగానే అంతా మామూలుగా పనిచేసింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. నా ఐ3-7100 ఏడో తరానిది, ఐ5-8400 ఎనిమిదో తరానిది. ఆరు, ఏడు తరాల ప్రాసెసర్లకూ, ఎనిమిది, తొమ్మిది తరాల ప్రాసెసర్లకూ సాకెట్ పేరు 1151 అనే ఉన్నా, కోర్లు పెరిగి విద్యుత్తు అవసరం ఎక్కువైనందువల్ల, అంతకుముందు ఖాళీగా ఉంచిన కొన్ని పిన్నులను ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి విద్యుత్తుకు కేటాయించింది. అందువల్ల ఐ5-8400కు హెచ్310, బీ360 వంటి 300 వరుస చిప్‌సెట్ బోర్డు ఉండాలి. నా హెచ్110 బోర్డులో అది కూర్చుంటుంది, పనిచేయదు. రోజూ ఇవే అమ్మేవారికి ఈ విషయం తెలియదంటే నేను నమ్మలేను.

మూడో రోజు తిరిగి తీసుకెళితే, ఒకసారి బిగించిన సరుకు వెనక్కి తీసుకోమన్నారు. పైగా ఇంకో 4,000 ఇస్తే ఐ7-7700 ఇస్తామని, దానితో విండోస్ 11 కూడా నడుస్తుందని చెప్పారు. ఐ7-7700 నా బోర్డులో పనిచేసే మాట నిజమే. అయితే విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన జాబితాలో అది లేదు. ఆ జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటికి ఇవన్నీ చదువుకుని వెళ్లాను కాబట్టి రెండోసారి మోసపోలేదు.

ఐ3, ఐ5, ఐ7 అన్న పేరు ఒక్కటే చూసి ఏ ప్రాసెసరునూ పోల్చవద్దు. 2017 నాటి ఐ7-7700లోనూ, 2022లో వచ్చిన ఐ3-12100లోనూ నాలుగేసి కోర్లు, ఎనిమిదేసి థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉన్నాయి. వేగంలో మాత్రం ఈ ఐ3దే పైచేయి. దానికి హెచ్610 బోర్డు కొత్తగా కొనాలి కానీ, డీడీఆర్4 రకం ర్యామ్ పట్టే బోర్డు ఎంచుకుంటే పాత డీడీఆర్4 ర్యామ్ పనికొస్తుంది. సంఖ్య చివర ఎఫ్ అని ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివారికి తెర వెలగదు. ప్రాసెసర్లు చేసే మరో సంస్థ ఏఎండీ బీ450 చిప్‌సెట్ బోర్డులో రైజెన్ 5 5600 వేయించేవారు పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ (కంప్యూటరును మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) నవీకరించుకోవాలి. ఇంకా హార్డ్ డిస్కుతోనే పనిచేస్తున్నవారైతే ముందు ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కంటే వేగంగా పనిచేసే నిల్వ పరికరం) వేయించి చూడండి. చాలామందికి ప్రాసెసర్ మార్చవలసిన అవసరమే రాకపోవచ్చు.

డబ్బు ఇచ్చే ముందు విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోనో, సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాములోనో మీ బోర్డు పూర్తి పేరు చూసి, బోర్డు తయారీదారు వెబ్‌సైటులోని ప్రాసెసర్ల జాబితాలో మీరు కొనబోయే సంఖ్య ఉందో లేదో, దానికి ఏ బయోస్ కావాలో సరిచూసుకోండి. నాకు పది నిమిషాలు పట్టని ఈ పని ముందే చేసి ఉంటే నెల్లూరుకు రెండుసార్లు తిరగవలసి వచ్చేది కాదు. బిల్లు మీద మోడల్ సంఖ్యతో పాటు మీ బోర్డు పేరు కూడా రాయించుకోండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ముద్ర ఉన్న ఆ చీటీ, బోర్డు ఫోటో, బోర్డు తయారీదారు ఇచ్చిన ప్రాసెసర్ల జాబితా జతచేశాను. దుకాణం నుంచి ఇంతవరకు సమాధానం రాలేదు. ఈ నెలాఖరులోపు రాకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.