వాడి బుద్ధా, వాడి పరిస్థితా?
శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో ఎవడైనా బండి అడ్డంగా తిప్పితే ఈడికి బుద్ధి లేదు అనేస్తాం, అదే మనం తిప్పితే ఎనకాల హారన్లు కొట్టేస్తన్నారు ఏటి చేస్తాం అంటాం. ఒకటి గుణం లెక్క, ఇంకోటి పరిస్థితి లెక్క, ఈ తేడా 1958లోనే ఫ్రిట్జ్ హైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. గుణం లెక్క ఈజీ, ఒక్క ముక్కలో తేలిపోద్ది, కానీ తప్పుద్ది కూడా. 1967లో జోన్స్, హారిస్ చేసిన ప్రయోగంలో, క్యూబా నాయకుడు కాస్ట్రోని సమర్థిస్తూ వ్యాసం రాయమని పైవాళ్లే చెప్పారని తెలిసినా, చదివినోళ్లు మాత్రం రాసినోడికి ఎంతోకొంత ఇష్టం ఉండే రాశాడనుకున్నారు, చూడండి మరి! పరిస్థితి లెక్కకి టైం పడుద్ది, అవతలోడిని అడగాలి. 1984లో జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు, ఎదుటోళ్లు చేసిన పనికి కారణం ఏటని అడిగి పోల్చితే, అమెరికా పెద్దోళ్ల కన్నా మైసూరోళ్లే పరిస్థితులు ఎక్కువ చెప్పారు. నా ఓటు దీనికే, కాకపోతే అప్పు తీసుకున్నోడు ప్రతిసారీ పరిస్థితే అంటే మాత్రం నేను ఒప్పుకోను.