మడత కత్తి విప్పడానికి ఈ బిట్ల పెట్టె కొనకండి, జాగ్రత్త

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు ఉన్న మనవాళ్లందరికీ చెప్తున్నాను. హార్డ్‌వేర్ షాపుల్లో ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె అమ్ముతున్నారు. లోపల వరసగా స్క్రూడ్రైవర్ బిట్లు (పిడికి తగిలించి స్క్రూలు తిప్పే చిన్న ముక్కలు), ఒక పిడి, మూత మీద పెద్ద అక్షరాలతో ‘ఎస్2 స్టీల్’ అని ఉంటుంది. ఎవరు తయారు చేశారో, ఎక్కడ తయారు చేశారో పెట్టె మొత్తం వెతికినా కనిపించదు. అలాంటి పెట్టెతో మడత కత్తి జోలికి వెళ్లకండి. నా కత్తి దాని వల్లే పాడైంది.

మా పెరట్లో పనస చెట్లున్నాయి. కాయ కోసిన ప్రతిసారీ పాలు కత్తి ఇరుసులోకి దిగి బంకలా గట్టిపడతాయి. కొన్నాళ్లకు కత్తి తెరవడానికే బలం చాలదు. విప్పి, కొబ్బరి నూనె రాసి ఆ బంక తుడిచి, మళ్లీ బిగించుకుంటే కొత్తదానిలా తిరుగుతుంది. ఆ పని కోసమే పెట్టె కొన్నాను.

ఇలాంటి కత్తుల్లో ఎక్కువగా నక్షత్రం గాడి ఉన్న టార్క్స్ స్క్రూలుంటాయి. ఇరుసుకు టీ8 గానీ టీ10 గానీ, జేబుకు తగిలించే క్లిప్పుకు టీ6 సైజు వస్తాయి. నా కత్తి ఇరుసుకున్నది టీ8. సూదితో గాడిలోని మట్టి మొత్తం తీశాను. బిట్‌ని నిటారుగా దించి, గట్టిగా అదిమిపెట్టి, మెల్లగా ఎడమకు తిప్పాను. చేతికి తిరిగినట్టే తెలిసింది. తీరా చూస్తే స్క్రూ ఉన్నచోటే ఉంది. బిట్ కొన మీద ఆరు అంచులూ జంతికలా మెలి తిరిగిపోయాయి. గాడి అంచులు కూడా కొరుక్కుపోయి గుండ్రంగా తయారయ్యాయి. కొత్త బిట్, పెట్టిన మొదటి స్క్రూ! షాపుకి తీసుకెళ్తే “సీల్ తీశాక వాపసు లేదండీ” అన్నారు. సీల్ తీయకుండా బిట్ మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుందో మాత్రం చెప్పలేదు.

ఎస్2 అనేది దెబ్బలకు, మెలికి తట్టుకునే పనిముట్ల ఉక్కు. సరిగ్గా కాల్చి చల్లార్చి గట్టిపరిస్తే రాక్‌వెల్ కొలతలో సుమారు 58 నుంచి 62 వరకు గట్టిదనం వస్తుంది. అలా గట్టిపరచని మెత్తటి ఇనుము మీద ఎస్2 అని అచ్చు వేసినంత మాత్రాన అది ఎస్2 కాదు. పైగా సైజు కూడా తేడాయే. లేత్ పని చేసే మా తమ్ముడు వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి చూశాడు. టీ8 కొన సుమారు 2.3 మిల్లీమీటర్లు ఉండాలి, ఇది 2.2 కూడా లేదు. అంత చిన్న గాడిలో ఆ మాత్రం సందు చాలు, బిట్ గోడలను పూర్తిగా పట్టుకోకుండా అంచులనే కొరికేస్తుంది.

కొనేముందు షాపులోనే పెట్టె తెరిపించండి. ఒప్పుకోకపోతే ఆ షాపు వదిలేయండి. అక్కడ ఆకురాయి ఎలాగూ ఉంటుంది. బిట్ కాండం మీద ఒకసారి మెల్లగా రుద్దమనండి. గట్టి బిట్ అయితే రాయి జారిపోతుంది. మెత్తదైతే కొరికి, మెరిసే గీత పడుతుంది. కత్తి కూడా జేబులో వేసుకుని వెళ్లండి. బిట్‌ని స్క్రూలో దించి అటూ ఇటూ కదిపి చూస్తే ఆడకూడదు. పది రకాలున్న పెట్టె కంటే మీ కత్తికి సరిపడే టీ6, టీ8, టీ10 మూడు మంచివి విడిగా కొనుక్కోవడమే నయం.

మంచి బిట్ దొరికినా బలం ఒక్కటే చాలదు. చాలా కత్తులకు ఫ్యాక్టరీలోనే మరలకు జిగురు వేస్తారు. నీలం రంగుదైతే మామూలు పనిముట్లతోనే ఊడుతుంది. ఎర్రదైతే బాగా వేడి చేయాలి. స్క్రూ కదలకపోతే కత్తి మూసి, సోల్డరింగ్ ఐరన్ కొనను స్క్రూ తల మీద అర నిమిషం ఆనించండి. వేడి తగ్గేలోపే తిప్పి చూడండి. పిడి ప్లాస్టిక్‌దైతే ఇంకా తక్కువసేపు ఆనించండి. తిప్పేటప్పుడు తిప్పే బలం కంటే కిందికి అదిమే బలం ఎక్కువ ఉండాలి. బిట్ జారినట్టు అనిపించిన క్షణమే ఆపేయండి, రెండోసారి జారితే గాడి మిగలదు. కొన్ని కత్తుల్లో ఇరుసు రెండు వైపులా కలిసి తిరుగుతుంది. అప్పుడు రెండో వైపు ఇంకో బిట్ పెట్టి పట్టుకోవాలి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. మన వైపు చాలామంది నది దాటి పాతపట్నంలోనో, అటు పార్వతీపురంలోనో కొంటారు. బిల్లు మీద జీఎస్టీ నంబరు 21తో మొదలైతే ఒడిశా షాపు, 37 అయితే ఆంధ్ర షాపు. రాష్ట్రం వేరు కదా, ఫిర్యాదుకి అక్కడికే వెళ్లాలేమో అని వదిలేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించుకోవచ్చు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, అడ్రస్, ధర, నెల, సంవత్సరం ఉండి తీరాలి. ఇవేవీ లేని పెట్టె అమ్మడమే తప్పు, కాబట్టి ఫిర్యాదులో ఆ సంగతి ముందు రాయండి.

ఈ పెట్టె ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయకండి. మూత మీది అక్షరాలు, మెలి తిరిగిన బిట్, చెడిన స్క్రూ మూడూ దగ్గరగా ఫోటో తీసి, బిల్లుతో కలిపి దాచండి. నేను అవన్నీ పెట్టే ఫిర్యాదు చేశాను. మీ ఊళ్లో ఏ షాపులో నిజంగా గట్టి బిట్లు దొరుకుతున్నాయో తెలిసినవాళ్లు కింద రాస్తే, నాలాగే పనస కాలంలో కత్తి విప్పాల్సినవాళ్లకు పనికొస్తుంది.