గేర్‌బాక్స్ విప్పి బాగుచేయించడమా, చెన్నై పుదుపేట బజారులో పాతది కొని వేయించడమా?

మా ఆటోమేటిక్ కారుకి పదమూడేళ్లు. పోయిన వేసవిలో చెన్నైలో కత్తిపారా ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది, ఇంజిన్ వేగం చూపే టాకోమీటర్ ముల్లు 4000 దాటుతోంది, బండి మాత్రం పాకుతోంది, వెనక బస్సు హారన్, పక్క సీట్లో అమ్మ, చాలా టెన్షన్ పడ్డాను.

ముందు గేర్ ఆయిల్ చూపించండి. తక్కువుంటే ఎక్కడో కారుతున్నట్టే, ఒక్కోసారి సీలు మార్చి ఆయిల్ నింపితే సరిపోతుంది. మాది నల్లబడి మాడు వాసన కొట్టింది, లోపలి క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. ఇక రెండే దారులు.

పాత కార్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో పాత గేర్‌బాక్స్ దొరికితే ఖర్చు తక్కువ, బండి త్వరగా చేతికొస్తుంది. కానీ అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, నీళ్లలో మునిగిన బండిదో కాదో మనకి తెలిసే దారి లేదు, 2015 వరదలు చూసిన చెన్నైవాళ్లకి ఈ భయం ఊరికే రాదు. గేర్‌బాక్స్ కోడ్, అంటే దాని మోడల్ నంబర్, మీ బండికి సరిపోవాలి కూడా. ఏడాదిలో అమ్మేసే కారైతే సరే, వారంటీ కాగితం మీద రాయించుకోండి.

ఓవరాలింగ్‌లో, అంటే మన గేర్‌బాక్స్‌నే పూర్తిగా విప్పి బాగుచేయడంలో, క్లచ్ ప్లేట్లు, సీళ్లు, గాస్కెట్లు కొత్తవి వేస్తారు, గేర్లు మార్చడానికి ఆయిల్‌ని మళ్లించే వాల్వ్ బాడీ, దానిలోని కరెంటు వాల్వులైన సోలినాయిడ్లు విప్పి చూస్తారు. డబ్బు ఎక్కువ, మాకు మూడు వారాలు పట్టింది. అయినా నేను దీనికే ఓటేస్తాను, ఎందుకంటే లోపల ఏముందో మెకానిక్ పక్కన నిలబడి నా కళ్లతో చూశాను, అరిగిన ప్లేట్లు చేతిలో పెట్టి చూపించాడు.

ఏది చేయించినా ఆయిల్ కూలర్, దాని పైపులు కడిగించండి, లేదంటే అరిగిన ప్లేట్ల పాత పొడి అంతా బాగుచేసిన గేర్‌బాక్స్‌లోకే పోతుంది.